డబ్బు పెట్టి కొన్న కంప్యూటర్ ఆటలు ఇప్పుడు తెరుచుకోవడం లేదు: సరైన మార్గం ఏదైనా ఉందా?

ఉదయసముద్రం (నల్లగొండ)

అందరికీ నమస్కారం. విషయం కొంచెం పెద్దది, ఓపికగా చదవగలరు.

డిగ్రీ చదివే రోజుల్లో నేను హైదరాబాదులో ఉండేవాడిని. ట్యూషన్లు చెబితే వచ్చిన పైసల్లో కొంత మిగుల్చుకొని, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ దుకాణాల సముదాయానికి వెళ్లి కంప్యూటర్ ఆటల అసలు డిస్కులు కొనేవాడిని. అవే ఆటల దొంగ కాపీలు ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ కవర్లలో, పైన స్కెచ్ పెన్నుతో పేరు రాసి, అసలు ధరలో పదో వంతుకే దొరికేవి. స్నేహితులు నవ్వినా సరే, బిల్లు తీసుకొని పెట్టెతో సహా కొనుక్కోవడమే నాకు ఇష్టంగా ఉండేది. ఆ పెట్టెలు, వాటిలోని చిన్న పుస్తకాలు, కొన్నింటి బిల్లులు కూడా ఇప్పటికీ మా బీరువాలో భద్రంగా ఉన్నాయి.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి మొన్న దసరా సెలవుల్లో వాటిని బయటికి తీశాడు. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి తెప్పించి, విండోస్ 10 ఉన్న మా ఇంటి కంప్యూటర్‌లో వేసి చూశాను. 2004 ప్రాంతంలో వచ్చిన ఒక ఆట ఇన్‌స్టాల్ అయితే అయింది గాని, ఐకాన్ మీద నొక్కగానే కర్సర్ పక్కన గుండ్రం ఒకసారి తిరిగి ఆగిపోతోంది. లోపం ఏమిటో కూడా చెప్పడం లేదు. 2008లో వచ్చిన మరో ఆట అంతకంటే కొంత ముందుకు పోయింది. పుస్తకం వెనుక అట్ట మీద అంటించిన కీని టైపు చేయించుకొని, ఇంటర్నెట్‌లో సరిచూసుకొని, ఈ కీకి ఇచ్చిన యాక్టివేషన్లు అయిపోయాయని ఒక చిన్న కిటికీలో చూపించి ఊరుకుంది. ఆ కీని నేను ఎన్నడూ ఎవరికీ ఇవ్వలేదు. అయితే ఇన్నేళ్లలో పిడుగు పడి ఒక మదర్‌బోర్డు కాలిపోయింది, హార్డ్‌డిస్కు మారింది, విండోస్‌ను మళ్లీ మళ్లీ వేయించవలసి వచ్చింది. అవన్నీ వేర్వేరు కంప్యూటర్లుగా లెక్కలోకి వెళ్లినట్టున్నాయి. ఆట తయారు చేసిన సంస్థకు బిల్లు ఫోటోతో సహా మెయిల్ పంపితే, ఈ ఉత్పత్తికి సహాయం నిలిపివేశామని, కావాలంటే కొత్త ఎడిషన్‌ను తగ్గింపు ధరకు కొనుక్కోవచ్చునని సమాధానం వచ్చింది. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం నా ఉద్దేశం కాదు.

పాతవాటి సంగతి అలా ఉంచితే, పోయిన సంవత్సరం ఒక ఆన్‌లైన్ దుకాణంలో యూపీఐతో చెల్లించి కొన్న ఆట పరిస్థితి కూడా గొప్పగా ఏమీ లేదు. మా వీధిలో రోడ్డు వెడల్పు పనులకు జేసీబీ వచ్చినప్పుడల్లా ఫైబర్ తీగ తెగుతుంది, నెట్ పోతుంది. నెట్ లేకపోతే ఆ ఆట తెరుచుకోదు. అందులో మరో ఆటగాడు లేడు, పోటీ లేదు. ఒక్కరే కూర్చొని చూసుకొనే కథ అది. ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి చూస్తే, ముందుగా అప్‌డేట్ పూర్తి కావాలని పట్టుబట్టి ఆ రోజు డేటా మొత్తం తినేసింది. అదే ఆట దొంగ కాపీ పక్కింటి కుర్రవాడి దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంది. నెట్ ఉన్నా లేకున్నా అతనికి ఏ ఇబ్బందీ లేదు. పైస కట్టినవాడికి కాపలా, కట్టనివాడికి స్వేచ్ఛ అన్నట్టుగా ఉన్న ఈ ఏర్పాటును మా అబ్బాయికి ఎలా వివరించాలో నాకు తెలియడం లేదు.

పాత డిస్కులను సరైన మార్గంలో ఆడించే వీలుందా, ఇటువంటి విషయాల్లో వినియోగదారుల చట్టం ఎంతవరకు ఉపయోగపడుతుంది, ఇకముందు కొనేటప్పుడు ఏమి చూసుకోవాలి అన్నవి నా సందేహాలు. ఆట రక్షణను పగలగొట్టే క్రాక్ ఫైలు వేసుకొమ్మనే సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి. ఒక రైసుమిల్లు లెక్కలు కూడా నేను ఇదే కంప్యూటర్‌లో రాస్తాను.

జడ్చర్ల రిపేరు (జడ్చర్ల)

ఉదయసముద్రం గారూ, నేను చాలా కాలంగా జడ్చర్లలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. మీరు చెప్పిన మూడూ పైకి ఒకే బాధగా కనిపించినా, వాటి కారణాలు పూర్తిగా వేరు.

2004 నాటి డిస్కును మీ కంప్యూటర్‌లో పెట్టి, ఫైళ్ల జాబితా తెరిచి చూడండి. అందులో 00000001.టీఎంపీ అని గాని, సెక్‌డ్రీవ్.సిస్ అని గాని ఫైలు కనిపిస్తే అది సేఫ్‌డిస్క్ అనే రక్షణతో వచ్చిన డిస్కు. మాక్రోవిజన్ అనే సంస్థ తయారు చేసిన ఈ పద్ధతిలో, డిస్కును ముద్రించేటప్పుడే కొన్ని భాగాలను కావాలని చదవరాకుండా ముద్రిస్తారు. మామూలు రైటర్‌తో కాపీ తీస్తే ఆ లోపాలు కాపీలోకి రావు. ఆట మొదలయ్యేటప్పుడు విండోస్ లోతుల్లో పనిచేసే, డ్రైవర్ అనే ఒక చిన్న ప్రోగ్రామ్ ఆ లోపాల కోసం వెతుకుతుంది. అవి ఉంటేనే డిస్కు అసలుదని నమ్ముతుంది. చిక్కంతా ఆ డ్రైవర్‌తోనే వచ్చింది. కంప్యూటర్ మీద సర్వాధికారాలూ ఉన్న ఆ డ్రైవర్‌లో భద్రతా లోపం బయటపడి, 2007 డిసెంబరులోనే మైక్రోసాఫ్ట్ దానికి సవరణ ఇవ్వవలసి వచ్చింది. 2015లో వచ్చిన విండోస్ 10లో ఆ డ్రైవర్‌ను అసలు చేర్చనే లేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్ విస్టా, 7, 8 లలో కూడా దానిని నిలిపివేసింది. కాబట్టి మీ డిస్కు చెడిపోలేదు, మీ కంప్యూటర్ కూడా చెడిపోలేదు. వాటి మధ్య నిలబడి అవునని చెప్పవలసినవాడే లేడు.

విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్‌లో ఇటువంటి డిస్కు మామూలుగానే నడుస్తుంది. విండోస్ 7 అయితే ఆ డ్రైవర్ సేవను ఆటకు ముందు కమాండ్‌తో మొదలుపెట్టి, ఆట అయ్యాక ఆపేయవచ్చు. ఆ రెండు రకాల కంప్యూటర్లకూ నెట్ తీగ తగిలించకూడదని మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే వాటికి భద్రతా అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి.

ఇక 2008 ఆట సంగతి. ఆ కాలంలో సోనీ డీఏడీసీ వారి సెక్యూరామ్ ఎక్కువగా వాడేవారు. అది మీ మదర్‌బోర్డు, హార్డ్‌డిస్కు వంటి భాగాల వివరాలను కలిపి ఒక గుర్తు తయారు చేసి, కీతో పాటు సర్వర్‌కు పంపుతుంది. ఆ భాగాలు మారితే గుర్తు మారుతుంది. గుర్తు మారితే సర్వర్ దృష్టిలో మీరు మరో కంప్యూటర్ కొన్నట్టే. పిడుగు పడిందో, వోల్టేజీ ఎక్కువై, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పేలిందో దానికి అనవసరం. వ్యవసాయ మోటార్లు ఒక్కసారిగా ఆగినప్పుడు కరెంటు ఎలా ఎగురుతుందో మన దిక్కు వాళ్లకు తెలుసు గాని, మూడు యాక్టివేషన్లు చాలునని లెక్క కట్టినవారికి తెలిసినట్టు లేదు. ఈ మాట సరదాకు అనడం లేదు. మా షాపుకు ఎండాకాలంలో వచ్చే బోర్డుల్లో ఎక్కువ భాగం ఇటువంటివే.

2007లో బయోషాక్ అనే ఆట ఇదే పద్ధతిలో రెండు ఇన్‌స్టాలేషన్ల పరిమితితో వచ్చి, గొడవ కాగానే ఐదుకు పెరిగి, తరువాత ఆ పరిమితే లేకుండా పోయింది. 2008 సెప్టెంబరులో ఈఏ సంస్థ విడుదల చేసిన స్పోర్ అనే ఆటకు మూడు యాక్టివేషన్లే ఇచ్చారు. దాని మీద అమెరికాలో కోర్టు కేసు పడింది. విడ్డూరం ఏమిటంటే, అంత కట్టుదిట్టం చేసిన ఆ ఆటే ఆ సంవత్సరం ఎక్కువగా దొంగ కాపీలు పోయిన ఆటల్లో ఒకటిగా నిలిచింది. ఆ తరువాత పాత కంప్యూటర్ నుంచి యాక్టివేషన్‌ను వెనక్కి ఇచ్చే చిన్న ప్రోగ్రామ్‌లను కంపెనీలు విడుదల చేశాయి. వాటిని నడపాలంటే ఆ పాత కంప్యూటర్ బతికి ఉండాలి. మీ బోర్డు కాలిపోయింది కాబట్టి ఆ లెక్కను సరిచేయగలిగినవారు ఆ సంస్థవారు మాత్రమే, వారు కాదన్నారు. అదే ఆట ఇప్పుడు గాగ్ అనే దుకాణంలో ఉందేమో చూడండి. 2008లో మొదలైన ఈ పోలండ్ దుకాణం పాత ఆటలను కొత్త విండోస్‌కు అనుకూలంగా సరిచేసి, ఏ తాళమూ లేకుండా అమ్ముతుంది. ఇన్‌స్టాలర్ ఫైలును దించుకొని హార్డ్‌డిస్కులో దాచుకుంటే మళ్లీ వాళ్లను అడగవలసిన పని ఉండదు. ఒకసారి కొన్న ఆటకు రెండోసారి చెల్లించడం న్యాయం కాదని నాకూ తెలుసు, కానీ తగ్గింపులున్నప్పుడు పాత ఆటలు చాలా చవకగా వస్తాయి. కార్డుతో చెల్లించేటట్టయితే, ముందుగా బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలను ఆన్ చేసుకోండి. 2020 నుంచి కొత్త కార్డులకు అవి మూసే ఉంటున్నాయి.

మూడోదానికి కొంత ఉపాయం ఉంది. మీరు కొన్నది స్టీమ్ వంటి దుకాణంలో అయితే, నెట్ బాగా ఉన్న రోజున ఆటను పూర్తిగా అప్‌డేట్ చేసి, ఒకసారి తెరిచి, ఆట లోపలికి వెళ్లి రండి. ఆ తరువాత ఆ దుకాణం ప్రోగ్రామ్‌ను (క్లయింట్‌ను) నెట్ లేకుండా నడిచే ఆఫ్‌లైన్ పద్ధతికి మార్చండి. ఈ ఒకసారి తెరవడం అనేది చాలామంది చేయరు. డెనువో అనే రక్షణ ఉన్న ఆటలకు ఆ మొదటి తెరవడంలోనే సర్వర్ నుంచి అనుమతి ఫైలు దిగుతుంది. ఆటకు అప్‌డేట్ వచ్చినా, ప్రాసెసర్ మార్చినా మళ్లీ కొత్త అనుమతి కావలసి వస్తుంది. ఒకే రోజులో ఐదుకు మించి వేర్వేరు కంప్యూటర్లుగా కనిపిస్తే ఆ రోజుకు తలుపు మూసేస్తుంది కూడా.

డెనువో మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. 2021 నవంబరులో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు వచ్చినప్పుడు, వాటిలో లెక్కలు చేసే భాగాలైన కోర్లు పెద్దవి, చిన్నవి అని వేరువేరుగా ఉండటంతో కొన్ని ఆటల్లో ఈ రక్షణ వాటిని రెండు వేర్వేరు కంప్యూటర్లనుకొని ఆటను ఆపేసింది. చిన్న కోర్లను నిద్రపుచ్చడానికి కీబోర్డులో ఎవరూ వాడని స్క్రోల్ లాక్ మీటను ఉపయోగించే ఏర్పాటును, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే బయాస్ ప్రోగ్రామ్‌లో పెట్టారు. అదే నెలలో డెనువో వాడే ఒక ఇంటర్నెట్ చిరునామా పనిచేయకుండా పోయి, కొనుక్కున్నవారి ఆటలు కొన్ని గంటల పాటు తెరుచుకోలేదు. ఆ చిరునామాకు గడువు తీరిపోయిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అంటే ఇదే.

గద్వాల కోట (గద్వాల)

అన్నా, మీరు క్రాక్ గురించి మాట్లాడవద్దన్నారు కాబట్టి లింకులు ఏవీ ఇవ్వడం లేదు, కానీ ఒక మాట అడగకుండా ఉండలేకపోతున్నాను. పెట్టె మీ బీరువాలో ఉంది, బిల్లు మీ చేతిలో ఉంది. ఆ తాళాన్ని పగలగొడితే ఎవరి సొమ్ము పోయినట్టు? 2021లో రెసిడెంట్ ఈవిల్ విలేజ్ అనే ఆట వచ్చినప్పుడు కొన్న కాపీ కంటే క్రాక్ చేసిన కాపీయే తడబాటు లేకుండా నడిచిందని పరీక్షించి చూపించారు. ఆ తరువాత క్యాప్‌కామ్ సంస్థ తన రక్షణ పద్ధతిని సవరిస్తూ ఒక ప్యాచ్ ఇచ్చింది కూడా. కొన్నవారి కాపీ కొననివారి కాపీ కంటే నాసిగా ఉంటే ఎందుకు కొనాలో కంపెనీలే చెప్పాలి.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

నేను మహబూబ్‌నగర్‌లో న్యాయవాదిని. గద్వాల కోట గారి ప్రశ్నకు చట్టంలో సమాధానం కొంతవరకు ఉంది, అది చాలామంది అనుకున్నంత సూటిగా ఉండదు.

1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణతో 65ఎ అనే సెక్షన్ చేరింది. హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష, దానితో పాటు జరిమానా కూడా పడవచ్చునని అది చెబుతుంది. ఇక్కడ ఉద్దేశం అన్న మాట చాలా ముఖ్యం, ఎందుకంటే అదే సెక్షన్‌లోని రెండో భాగం, ఈ చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం రక్షణను దాటడాన్ని అడ్డుకోదు. పైగా 52వ సెక్షన్ ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రామ్ కాపీని న్యాయంగా పొందినవారు అది పోకుండా, చెడిపోకుండా ముందుజాగ్రత్తగా ఒక నకలు తీసి పెట్టుకోవడం ఉల్లంఘన కాదు. అంటే, తన సొంత డిస్కును తన ఇంట్లో ఆడుకోవడానికి తంటాలు పడే వ్యక్తిని, ఆ ఆటను పెన్‌డ్రైవ్‌లలో పంచిపెట్టే వ్యక్తిని చట్టం ఒకే గాటన కట్టదు. అయితే ఇంటర్నెట్‌లో దొరికే క్రాక్ ఫైలు చాలా సందర్భాల్లో ఆట ప్రోగ్రామ్‌ను మార్చి మరొకరు అనుమతి లేకుండా పంచిన కాపీయే అవుతుంది; దాన్ని దించుకున్నాక నా దగ్గర బిల్లు ఉందన్న వాదనకు బలం తగ్గుతుంది. రైసుమిల్లు లెక్కలున్న కంప్యూటర్‌లో అటువంటి ఫైలు పెట్టకూడదన్న మీ నిర్ణయం, చట్టం సంగతి పక్కనపెట్టి చూసినా సరైనదే.

ఇక వినియోగదారుల చట్టం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొనుగోలుదారుకు తెలియవలసిన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా సేవాలోపమే. మీరు పోయిన సంవత్సరం కొన్న ఆట విషయంలో మొదట చూడవలసింది ఇదే. ఆ ఆటకు ఎల్లప్పుడూ నెట్ ఉండాలని అమ్మకం పేజీలో రాసి ఉందా? రాసి ఉంటే మీ వాదన బలహీనం. లేకపోతే ఆ పేజీ చిత్రాన్ని ఈ రోజే తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఫిర్యాదు వెళ్లాక పేజీలు మారిపోవడం నేను చూశాను. ఈ-కామర్స్ నియమాల ప్రకారం దుకాణంవారికి ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసే హక్కును ఈ చట్టం ఇచ్చింది కాబట్టి మీరు నల్లగొండ దాటవలసిన పని లేదు. ఐదు లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు.

2008 డిస్కు విషయంలో మాత్రం మీకు ఆశ పెట్టలేను. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపే రావాలన్నది నియమం. యాక్టివేషన్ ఇవ్వబోమని మీకు మెయిల్ వచ్చిన రోజునే కారణం పుట్టిందని మనం వాదించవచ్చు. ఆ ఉత్పత్తికి సహాయం ఎప్పుడో ఆపేశామని వాళ్లు వాదిస్తారు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గాని, వేయి రూపాయల డిస్కు కోసం అంత దూరం పోతారా అన్నది మీరే ఆలోచించుకోవాలి. ఒప్పందం షరతులే అన్యాయమైనవని సవాలు చేయదలిస్తే అది జిల్లా కమిషన్ పరిధిలోకి రాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

మరొక సంగతి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది; 2025 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. కొన్నవారి నుంచి ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల డిజిటల్ వస్తువును అమ్మేటప్పుడు, ఇది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా కొనండి అన్న మాట వాడకూడదు. స్టీమ్ దుకాణంలో చెల్లించే పేజీ మీద అటువంటి వాక్యం 2024 అక్టోబరు నుంచి కనిపిస్తోంది. ఆ వాక్యాన్ని చదివి కూడా చెల్లించినవారు రేపు మన కమిషన్ ముందుకు వచ్చి నాకు తెలియదనడం కష్టం.

దిండి వాగు (దేవరకొండ, ఇప్పుడు హైదరాబాదు)

నేను ఆటలు తయారు చేసే ఒక సంస్థలో ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. మా సంస్థ తరఫున కాదు, సొంతంగా రాస్తున్నాను. పైన రాసినవారందరూ కొనేవారి వైపు నుంచే మాట్లాడారు కాబట్టి, రెండో వైపు ఏముందో కూడా చెప్పాలి.

పెద్ద ఆటకు వచ్చే ఆదాయంలో ఎక్కువ భాగం మొదటి కొన్ని వారాల్లోనే వస్తుంది. డెనువో వాడిన ఆటల అమ్మకాలను పరిశీలించి 2024లో వెలువడిన ఒక పరిశోధన, విడుదలైన మొదటి వారంలోనే క్రాక్ వస్తే ఆదాయం సుమారు 20 శాతం తగ్గుతుందని, 12 వారాలు గడిచాక వస్తే దాదాపుగా ఏ నష్టమూ ఉండదని అంచనా వేసింది. మూడు, నాలుగేళ్లు వందల మంది పనిచేసిన ప్రాజెక్టులో ఆ 20 శాతమంటే, తరువాతి ప్రాజెక్టుకు ఎంతమంది ఉద్యోగాలు నిలుస్తాయన్న లెక్క. రక్షణ వద్దనడం తేలిక, జీతాలిచ్చేవారి స్థానంలో కూర్చుంటే అంత తేలిక కాదు.

అయితే అదే పరిశోధనను తిప్పి చదివితే, మూడు నెలల తరువాత ఆ తాళం వల్ల కంపెనీకి కూడా లాభం లేదు. అప్పుడు తీసేయవచ్చు. 2016లో వచ్చిన డూమ్, ఇన్‌సైడ్ ఆటల నుంచి అదే సంవత్సరం డెనువోను తొలగించారు. అందరూ అలా ఎందుకు చేయరంటే, చాలాచోట్ల ఆ పని ఎవరి బాధ్యతా కాదు. ఆట విడుదలైన నెలకే బృందాన్ని మరో ప్రాజెక్టుకు మారుస్తారు. పాత ఆటల విషయంలో మరీ కష్టం: తయారు చేసిన స్టూడియో మూతపడి ఉంటుంది, హక్కులు చేతులు మారి ఉంటాయి, లోపలి సంగీతానికి, కార్ల బొమ్మలకు తీసుకున్న అనుమతుల గడువు ముగిసి ఉంటుంది. మీ మెయిల్‌కు సమాధానం ఇచ్చిన ఉద్యోగి దగ్గర ఆ పాత యాక్టివేషన్ సర్వర్‌ను తెరిచే అధికారం కూడా ఉండకపోవచ్చు.

ఎల్లప్పుడూ నెట్ ఉండాలనే పద్ధతిని మాత్రం నేను సమర్థించలేను. 2010 మార్చిలో యూబీసాఫ్ట్ సంస్థ అసాసిన్స్ క్రీడ్ 2ను ఆ పద్ధతిలో పీసీకి విడుదల చేసింది. నెట్ పోతే ఆట అక్కడికక్కడే ఆగేది. ఆ నెలలోనే వారి సర్వర్ల మీద దాడి జరిగి, డబ్బు చెల్లించినవారు బయట నిలబడిపోయారు. 2012కు వచ్చేసరికి ఆ సంస్థ ఈ పద్ధతిని వదిలేసి, ఒక్కసారి యాక్టివేషన్ చాలునంది. 2013 మార్చిలో వచ్చిన సిమ్‌సిటీకి నెట్ తప్పనిసరి అన్నారు. సర్వర్లు బరువు మోయలేక మొదటి రోజులు అస్తవ్యస్తమయ్యాయి, మరుసటి సంవత్సరం అదే ఆటకు ఆఫ్‌లైన్ పద్ధతి వచ్చింది. సాధ్యం కాదన్నది సంవత్సరం తిరిగేసరికి సాధ్యమైంది.

ఉదయసముద్రం (నల్లగొండ)

అందరికీ ధన్యవాదాలు. డిస్కులో చూశాను, జడ్చర్ల మిత్రులు చెప్పినట్టుగానే సెక్‌డ్రీవ్.సిస్ ఉంది. కొత్త ఆటను కూడా ఒకసారి లోపలికంటా తెరిచి, ఆఫ్‌లైన్‌లో పెట్టాక తీగ పీకి చూశాను, నడుస్తోంది. దుకాణం పేజీలో నెట్ గురించిన వాక్యం ఉంది గాని, అది కిందికి జరుపుకుంటూ పోతే, సిస్టమ్ అవసరాల పట్టిక కుడి పక్కన, బూడిద రంగు చిన్న అక్షరాల్లో ఉంది. పిల్లలమర్రి గారి మాట ప్రకారం నా వాదన బలహీనమే.

దిండి వాగు గారూ, మీరు నిజాయితీగా రాశారు. ఉద్యోగాల లెక్క నాకు అర్థమైంది. నా అభ్యంతరం మొదటి 12 వారాల గురించి కాదు. ఆ తాళం తమకు అక్కరలేకుండా పోయిన రోజున, సర్వర్‌ను ఆపేసే ముందు, తాళం లేని చివరి ప్యాచ్ ఒకటి ఇచ్చి పోవడానికి ఏమి అడ్డం? 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల ఆటను 2024 మార్చి 31న ఆపేసినప్పుడు, కొన్నవారి దగ్గర మిగిలింది పెట్టె ఒక్కటే. దాని మీదనే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం పుట్టి, ఐరోపాలో వారి వినతిపత్రం మీద సంతకాలు 2025 జూలైలో పది లక్షలు దాటాయని చదివాను. అటువంటి నిబంధన ఆట తయారీ మొదట్లోనే ఉంటే మీ బృందానికి ఎంత భారం పడుతుంది?

దిండి వాగు (దేవరకొండ, ఇప్పుడు హైదరాబాదు)

మొదట్లోనే చెబితే పెద్ద భారం కాదు. యాక్టివేషన్ అడిగే భాగాన్ని విడిగా రాసుకుంటే, చివర్లో దాన్ని తీసేసి మళ్లీ పరీక్షించడం కొద్ది వారాల పని. పది మంది కలిసి ఆడే ఆటల్లో సర్వర్ లోపలే సగం ఆట ఉంటుంది కాబట్టి అక్కడ నిజంగా కష్టం; ది క్రూ కూడా కొంతవరకు అటువంటిదే. ఒక్కరే ఆడే కథలకు నేను సాకు చెప్పలేను. బృందం విడిపోయిన పదేళ్లకు అడిగితే మాత్రం, ఆ సోర్సు కోడ్‌ను కంపైల్ చేసే కంప్యూటరే దొరకదు.

గద్వాల కోట (గద్వాల)

అంటే కొనేటప్పుడే చూసుకోవాలన్నమాట. స్టీమ్ పేజీలో మూడో సంస్థ రక్షణ ఉంటే దాని పేరు కుడి పక్కన పెట్టెలో రాస్తారు. డెనువో అని గాని, వేరే ఖాతా అవసరమని గాని ఉంటే నేను తగ్గింపు వచ్చేదాకా ఆగుతాను. అప్పటికి కొన్నింటిలో దాన్ని తీసేస్తున్నారు కూడా. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు అడిగితే పైసలు వెనక్కి ఇస్తారు. అందుకని నేను కొన్న వెంటనే నెట్ ఆపి ఒకసారి తెరిచి చూస్తాను.

జడ్చర్ల రిపేరు (జడ్చర్ల)

ఉదయసముద్రం గారూ, సెక్‌డ్రీవ్ ఉందన్నారు కాబట్టి మీ 2004 ఆటకు ఎక్స్‌పీ కంప్యూటరే మేలు. విండోస్ 10 మీద ఏదో ఒకటి చేసి ఆ డ్రైవర్‌ను బలవంతంగా ఎక్కించే పద్ధతులు నెట్‌లో కనిపిస్తాయి. మిల్లు లెక్కలున్న కంప్యూటర్‌లో అవి చేయకండి. పాత కోర్ 2 డుయో కంప్యూటర్లు మా దగ్గరే కాదు, మీ నల్లగొండలో కూడా సర్వీసు షాపుల మూలల్లో పడి ఉంటాయి. కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉండకూడదు. లోపల బిగించిన డీవీడీ డ్రైవ్ ఉండాలి, ఎందుకంటే కొన్ని యూఎస్‌బీ డ్రైవ్‌లలో ఈ రకం డిస్కుల పరీక్ష సరిగా జరగదు. కంప్యూటర్ గడియారం, సెట్టింగులు పోకుండా ఉంచే సీమాస్ బ్యాటరీ కొత్తది వేయించండి. ఆ కాలపు గ్రాఫిక్స్ కార్డుకు ఎక్స్‌పీ డ్రైవర్‌ను వేరే కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి, ఈ కంప్యూటర్‌కు నెట్ ఇవ్వం కాబట్టి.

డిస్కు మీద గీతలుంటే మెత్తని నూలు బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా తుడవకండి. ఇటు వైపు వచ్చే పని ఉంటే డిస్కులను పెట్టెలతో సహా తీసుకురండి. ఏ గ్రాఫిక్స్ కార్డు కావాలో పెట్టె వెనుక ముద్రించి ఉంటుంది. ఆదివారం షాపు మధ్యాహ్నం వరకే తెరిచి ఉంటుంది.